సీ స్లగ్‌ను వెతికి, గమనించి, గుర్తించడం ఎలా: కర్నూలు, అనంతపురం, కడప నుంచి వెళ్లేవాళ్ల కోసం

"ఫోన్లో రంగురంగుల సీ స్లగ్‌లు చూసి వైజాగ్ వెళ్లాం సార్, అక్కడ నల్లబండలు, పీతలు తప్ప ఏమీ కనపడలేదు." సీమ నుంచి వెళ్లొచ్చినవాళ్లు ఎక్కువగా చెప్పే మాట ఇదే. చాలాసార్లు ఆ సీ స్లగ్‌లు, అంటే ఎక్కువగా గుల్ల లేని సముద్రపు నత్తలు, అక్కడే ఉంటాయి. వెళ్లిన టైమ్ తప్పై ఉంటుంది, లేదా చూసిన చోటు తప్పై ఉంటుంది. జువాలజీ చదివే పిల్లలు, స్కూల్ టీచర్లు పదేపదే అడుగుతున్నారు కాబట్టి, ఇంటి దగ్గర చేసే తయారీ నుంచి ఫోటోకు పేరు పెట్టేదాకా వరుసగా రాస్తున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైంది ముందే చెప్తాను. స్లగ్‌ను వెతకొద్దు, దాని తిండిని వెతకండి. కింద రాసినదంతా దాని చుట్టూ తిరిగేదే.

1. బయల్దేరేముందు తెలియాల్సినంత జీవశాస్త్రం

సీ స్లగ్ నత్తల కుటుంబానిదే. గుడ్డులోంచి వచ్చే లార్వాకు చిన్న గుల్ల ఉంటుంది. పెరిగేటప్పుడు చాలా జాతుల్లో ఆ గుల్ల పోతుంది. గుల్ల పోయాక ఒంటిని కాపాడుకోవడానికి చాలా జాతులు తిండిలోంచే ఆయుధం తీసుకుంటాయి. అందుకే ఏ స్లగ్ ఏం తింటుందో తెలిస్తే, దాని రంగూ నడవడికా కూడా సగం అర్థమవుతాయి.

తీరంలో నాలుగు రకాలను విడదీయగలిగితే చాలు.

డోరిడ్‌లు: వీపు చదునుగా, ఒళ్లు కోలగా ఉంటుంది. వెనక వైపు పువ్వులా విచ్చుకునే మొప్పల గుత్తి ఉంటుంది. మలద్వారం ఆ గుత్తి మధ్యలోనే. ఎక్కువ జాతులు స్పంజిని, అంటే రాళ్లకు అతుక్కుని బతికే ఒక ప్రాణిని, తింటాయి. క్రోమోడోరిస్ జాతులు స్పంజిలోని లాట్రంక్యులిన్-ఎ అనే విషాన్ని తమ ఒంటి అంచులో దాచుకుంటాయి. చేప మొదట కొరికేది ఆ అంచునే. మెరిసే నీలం, పసుపు గీతలు "నన్ను తినకు" అని చేపకు ముందే చెప్పే బోర్డు.

ఎయోలిడ్‌లు: సన్నగా, పొడుగ్గా ఉంటాయి. వీపంతా వేళ్లలాంటి సెరాటాలు. హైడ్రాయిడ్లు, సీ ఎనిమోన్ల వంటి కుట్టే జీవులను తింటాయి. వాటి కుట్టుకణాలను పేలనివ్వకుండా మింగి, సెరాటా కొసల్లోని సంచుల్లో పెట్టుకుంటాయి. తర్వాత అవే కణాలను శత్రువు మీద వాడతాయి.

ఎలీషియా లాంటి ఆకుపచ్చవి: ఇవి నాచు రసం పీలుస్తాయి. నాచులోని హరితరేణువులను అరిగించకుండా ఒంట్లో నిలుపుకుంటాయి, అందుకే ఆ పచ్చదనం. వీటిలో ఎలీషియా మార్జినాటా తన తలను ఒంటి నుంచి తెంచుకుని, మూడు వారాల్లో గుండెతో సహా కొత్త ఒళ్లు పెంచుకోగలదని జపాన్ పరిశోధకులు 2021లో ప్రచురించారు.

సీ హేర్‌లు: ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలో పేరుండే అప్లీసియా ఇదే. లావుగా, మెత్తగా, నాచు మేస్తూ ఉంటుంది. కదిలిస్తే ఊదారంగు సిరా వదులుతుంది. మిగతా మూడింటికన్నా పెద్దది కాబట్టి కొత్తవాళ్లకు మొదట కనపడేది తరచూ ఇదే.

స్లగ్ కళ్లు వెలుగూ చీకటీ తెలిసేంతవరకే పనిచేస్తాయి. తల మీది రెండు కొమ్ములు, అంటే రైనోఫోర్‌లు, నీటిలోని రసాయనాల వాసన పడతాయి. దాని లోకమంతా వాసనే. తన రంగు తనకే తెలియదు!

2. ఇంటి దగ్గరే ప్రాక్టీస్

సముద్రం దగ్గర మొదటిసారి వంగి చూసేవాళ్లకు కన్ను కుదరడానికే గంట పడుతుంది. ఆటు, అంటే సముద్రం వెనక్కి తగ్గి ఉండే సమయం, ఉండేదే కాసేపు. ఆ గంటను ఇక్కడే ఖర్చు పెట్టుకోండి.

వానలు పడ్డాక కేసీ కాలువ గట్టున గానీ, ఊరి చెరువు అంచున గానీ ఒక నత్తను చూసుకోండి. ఎండాకాలంలో అవి బురదలోకి దిగి నిద్రపోతాయి, కాబట్టి అప్పుడు వెతికి లాభం లేదు. కాలువ నీళ్లతోనే ఒక గాజు సీసాలో పెట్టి, సీసా గోడ మీద పాకేటప్పుడు బయటి నుంచి పాదాన్ని చూడండి. తల నుంచి స్పర్శకాలు ఎలా బయటికొస్తున్నాయి, నీడ పడితే ఏం చేస్తోంది, నోరు గాజును ఎలా గీరుతోంది అన్నవి రాసుకోండి. గీరేది రాడ్యులా అనే పళ్ల పట్టీ. స్పంజిని తినే చాలా డోరిడ్‌లకూ అదే సాధనం.

ఫోన్ కెమెరా ప్రాక్టీస్ కూడా దీని మీదే. రెండు సెంటీమీటర్ల ప్రాణిని నీళ్లలో ఫోకస్ చేయడం వచ్చాకే రైలెక్కండి. నత్తను తెచ్చినచోటే వదిలేసి, చేతులు సబ్బుతో కడుక్కోండి. మంచినీటి నత్తల్లో పరాన్నజీవులు ఉండొచ్చు.

3. ముందు తిథి, తర్వాత టికెట్

ఎక్కువమంది తప్పేది ఇక్కడే. సెలవు చూసి టికెట్ చేస్తారు, వెళ్లేసరికి బండలన్నీ నీళ్లలో ఉంటాయి.

అమావాస్యకూ పౌర్ణమికీ సూర్యచంద్రుల లాగుడు ఒకే వరుసలో పడి, పోటు బాగా పెరుగుతుంది, ఆటు బాగా తగ్గుతుంది. అష్టమి చుట్టుపక్కల తేడా తక్కువ. కాబట్టి గోడ మీది క్యాలెండర్‌లో అమావాస్య లేదా పౌర్ణమి, దాని వెంటే వచ్చే పాడ్యమి, విదియ రోజులు గుర్తు పెట్టుకోండి. అష్టమి వారం కొట్టేయండి.

తర్వాత గంటలు చూసుకోవాలి. మన తీరాల్లో రోజుకు రెండు ఆటులు వస్తాయి. ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతాయి. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం ఇచ్చే ప్రభుత్వ సంస్థ) రేవులవారీగా ఆటుపోట్ల అంచనాలు ఇస్తుంది. అందులో మీరు వెళ్లే తీరానికి దగ్గరి రేవు తీసుకోండి. పగటిపూట వచ్చే ఆటు, ఎత్తు 0.3 మీటర్లు లేదా అంతకన్నా తక్కువ ఉన్న రోజు దొరికితే అదే మీ రోజు. ఎండ ముదరకముందు, ఉదయం పూట పడితే ఇంకా మేలు. మధ్యాహ్నం గుంటల్లో నీరు వేడెక్కి ప్రాణులన్నీ రాళ్ల కిందికి దూరతాయి.

కాలం కూడా చూసుకోండి. గోవా వైపు జూన్ నుంచి సెప్టెంబరు దాకా సముద్రం ఉగ్రంగా ఉంటుంది. వైజాగ్ వైపు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల భయం. రెండిటికీ జనవరి, ఫిబ్రవరి నెలలు కుదురుతాయి.

రైల్వే రిజర్వేషన్ 60 రోజుల ముందు తెరుచుకుంటుంది. తిథి ఖాయమైన రోజే టికెట్ చేసేయండి. అమావాస్యనాడు ప్రయాణమేంటని ఇంట్లో పెద్దవాళ్లు అడ్డం పడితే గొడవొద్దు. ఎలాగూ ముందురోజే బయల్దేరాలి.

4. ఎక్కడికి వెళ్లాలి

కడపవాళ్లు దగ్గరని నెల్లూరు మైపాడుకు వెళ్తారు. అది ఇసుక బీచ్. స్లగ్ తినే స్పంజి, హైడ్రాయిడ్ అతుక్కోవడానికి గట్టి రాయి కావాలి. ఇసుకలో అది లేదు. చీరాల, సూర్యలంక కూడా అంతే.

వైజాగ్: తెన్నేటి పార్కు కింది బండలు, జోడుగుళ్లపాలెం, రుషికొండ, యారాడల్లోని రాతి అంచులు. కడప నుంచి తిరుమల ఎక్స్‌ప్రెస్, అనంతపురం, గుంతకల్లు, డోన్, నంద్యాల నుంచి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉన్నాయి. కర్నూలువాళ్లు డోన్‌లో ఎక్కొచ్చు. అలలు, లోపలి ప్రవాహాలు ఇక్కడ చాలా ప్రమాదం. బండల మీద నుంచే చూడాలి, నీళ్లలోకి దిగకూడదు.

గోవా: అంజునా, వాగాటర్ రాతి తీరాలు. నంద్యాల, డోన్, గుంతకల్లు మీదుగా వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఉంది, కానీ వారంలో కొన్ని రోజులే నడుస్తుంది. తిథీ ఆ రోజూ కలవాలి. ఆటుపోట్ల తేడా వైజాగ్ కన్నా ఇక్కడ ఎక్కువ కాబట్టి, కుదిరితే నా ఓటు గోవాకే.

అండమాన్, లక్షద్వీప్‌లలో పగడపు దిబ్బల మీద ఉండేవి వేరే స్థాయి. చాలా పెద్దగా పెరిగే ఎర్రటి స్పానిష్ డాన్సర్ అలాంటి చోట్లదే. దానికి స్నార్కెలింగ్ లేదా డైవింగ్ కావాలి, అది ఈ వ్యాసం పరిధిలోకి రాదు.

5. సంచిలో ఏముండాలి

☐ వెనక పట్టీ ఉండి, అడుగు జారని చెప్పులు లేదా పాత బూట్లు. హవాయి చెప్పులు వద్దే వద్దు.
☐ అడుగు చదునుగా, పూర్తిగా పారదర్శకంగా ఉన్న ప్లాస్టిక్ డబ్బా.
☐ చిన్న టార్చి, ఫోన్‌కు వాటర్‌ప్రూఫ్ పౌచ్.
☐ ప్లాస్టిక్ స్కేలు, పెన్సిల్, చిన్న నోట్‌బుక్. తడి చేతికి పెన్ను పనికిరాదు.
☐ టోపీ, పొడుగు చేతుల చొక్కా, మంచినీళ్లు. మన ఎండ అలవాటే కదా అనుకోవద్దు. అక్కడి ఉక్కకు చెమట ఆరదు, తొందరగా నీరసం వస్తుంది.
☐ తోడుగా ఇంకో మనిషి.

ఆ డబ్బా సంగతి కొంచెం చెప్పాలి. గుంట నీటి మీద వెలుగు మెరిసి లోపలేమీ కనపడదు. డబ్బా అడుగును నీటికి ఆనించి, పైనుంచి లోపలికి చూస్తే ఆ మెరుపు పోయి అడుగు స్పష్టంగా కనపడుతుంది. వేలకు వేలు పెట్టి లెన్సులు కొనేకన్నా మొదట ఈ డబ్బా తీసుకెళ్లండి.

వలలు, సీసాలు, ఫోర్సెప్స్ తేవద్దు. సన్‌స్క్రీన్ రాసుకున్న చేతులు గుంటలో పెట్టొద్దు.

6. తీరం మీద ఏ వరుసలో చూడాలి

1. ఆటు అడుగుకు చేరే సమయానికి గంటన్నర ముందే బండల దగ్గర ఉండండి. దిగిపోతున్న నీటి వెనకే మీరూ దిగాలి. సరిగ్గా ఆటు సమయానికి చేరుకునేవాళ్లకు చూసేందుకు ఏమీ మిగలదు, నీరు తిరిగి రావడం మొదలవుతుంది.

2. ఐదు నిమిషాలు ఊరికే నిలబడి అలలు ఎందాకా వస్తున్నాయో చూడండి. వెనక్కి వెళ్లే దారి గుర్తు పెట్టుకోండి. సముద్రానికి వీపు పెట్టి కూర్చోకూడదు.

3. పైనున్న ఎండు బండలను వదిలేయండి. సగం రోజు ఎండే చోట స్లగ్ బతకదు. ఆటు బాగా తగ్గినప్పుడు మాత్రమే బయటపడే కింది అంచు, అక్కడ నీరు నిలిచిన గుంటలు, నీడపట్టున ఉండే పగుళ్లు మీ చోట్లు.

4. ఇప్పుడు తిండిని వెతకండి. రాయి మీద నారింజ, పసుపు, ఊదా రంగుల్లో చిన్న చిల్లులతో పరుచుకున్నది స్పంజి. డోరిడ్ దాని మీదో పక్కనో ఉంటుంది. ఈకల్లా, సన్నటి పొదల్లా ఊగేవి హైడ్రాయిడ్లు. వాటిని మొదలు నుంచి కొస దాకా చూడండి, ఎయోలిడ్ అక్కడ ఒక కొమ్మలాగే కలిసిపోయి ఉంటుంది. పచ్చటి నాచులో ఎలీషియాలు, సీ హేర్‌లు.

5. స్పంజి మీద గీరిన మచ్చ ఉందా చూడండి. ఉంటే చుట్టూ జానెడు దూరం నిదానంగా వెతకండి.

6. గుడ్ల కోసం చూడండి. రాతికి రిబ్బన్‌లా చుట్టలు చుట్టుకుని అతికిన తెలుపు, పసుపు లేదా గులాబీ పట్టీ కనపడితే అది చాలావరకు డోరిడ్ గుడ్లే. చిక్కుపడ్డ సేమ్యాలాంటి ముద్ద సీ హేర్‌ది. తల్లి దూరంలో ఉండదు. ఆ రిబ్బన్ మీదే ఫెవోరినస్ అనే చిన్న ఎయోలిడ్ ఉండొచ్చు. దాని తిండి ఇతర స్లగ్‌ల గుడ్లే.

7. ఆఖరున, అవసరమైతేనే రాయి తిప్పండి. రెండు చేతులా మోయగలిగినంత రాయే, మీవైపుకు కాకుండా మెల్లగా. చూశాక అది ఎలా ఉందో అలాగే, అదే వైపు పైకి వచ్చేలా పెట్టేయాలి. తిరగేసి వదిలేస్తే అడుగున ఉన్నవన్నీ ఎండకు చచ్చిపోతాయి.

8. ఆటు అడుగుకు చేరిన పావుగంటకల్లా వెనక్కి తిరగండి. "ఇంకొక్క గుంట" అన్న మాట దగ్గరే ప్రమాదాలు జరుగుతాయి.

నడిచే దూరం ఎక్కువైతే ఫలితం తక్కువ. ఒక మంచి గుంట దగ్గర ఇరవై నిమిషాలు కూర్చున్నవాళ్లకే కనపడుతుంది. గుంటల్లో దొరికేవాటిలో చాలా భాగం రెండు సెంటీమీటర్ల లోపువే. ఫోన్ స్క్రీన్ నిండా చూసిన బొమ్మను మనసులో పెట్టుకుని వెతికితే పక్కనున్నదాన్ని కూడా దాటేస్తారు.

7. దొరికాక పది నిమిషాలు ఏం గమనించాలి

కెమెరా తీయకముందు ప్రవర్తన చూడండి. మీ నీడ దాని మీద పడకూడదు, చెయ్యి నీటిలో పెట్టకూడదు.

రైనోఫోర్‌లు: పూర్తిగా నిలబడి ఉంటే ప్రాణి నిశ్చింతగా ఉంది. డోరిడ్ వాటిని చిన్న గుంటల్లోకి లాక్కుంటే మీరు కదిపారని అర్థం. మళ్లీ బయటికి రావడానికి ఎంతసేపు పట్టిందో రాసుకోండి.

మొప్పలు: చాలా డోరిడ్‌లు మొప్పల గుత్తిని మొత్తం లోపలికి లాక్కోగలవు. కొన్ని లాక్కోలేవు, ముడుచుకుంటాయంతే. గుర్తింపుకు ఇది పనికొచ్చే తేడా.

నడక: తల అటూ ఇటూ ఊపుతూ పోతుంటే వాసన వెతుకుతోంది. ఒకదాని వెనక ఒకటి తోక పట్టినట్టు పోతుంటే ముందుదాని జిగురు జాడను పట్టుకుంది. ఆ జాడ జోడును చేర్చొచ్చు, కొన్నిసార్లు వేటగాణ్ని కూడా చేర్చొచ్చు. జిమ్నోడోరిస్ జాతులు సాటి స్లగ్‌లనే తింటాయి.

ఈత: ఎక్కువ జాతులు పాకుతాయి. కానీ మన తీరాల్లోనూ కనిపించే బోర్నెల్లా స్టెల్లిఫర్ రాయి వదిలి, ఒంటిని పక్కలకు వంచుతూ ఈదగలదు. నీళ్లలో వింతగా మెలికలు తిరిగేది కనపడితే పురుగని కొట్టేయకండి.

జోడు: ప్రతి స్లగ్‌లోనూ మగ, ఆడ అవయవాలు రెండూ ఉంటాయి. జననరంధ్రం కుడివైపున ఉంటుంది కాబట్టి, రెండు స్లగ్‌లు ఎదురెదురు దిక్కులకు తిరిగి కుడిపక్కలు ఆనించి ఉంటే అది జోడు కట్టడమే. రెండూ ఇస్తాయి, రెండూ పుచ్చుకుంటాయి. గోనియోబ్రాంకస్ రెటిక్యులేటస్ అనే జాతి జోడు తర్వాత తన పురుషాంగాన్ని వదిలేసి, 24 గంటల్లో లోపల మిగిలినదాన్నే సాగదీసుకుని మళ్లీ సిద్ధమవుతుందని 2013లో జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఇలా జోడుగా ఉన్నప్పుడు అస్సలు కదిలించొద్దు.

ఎయోలిడ్‌ను వేలితో పొడిస్తే భయానికి సెరాటాలు రాల్చేస్తుంది. మళ్లీ పెరుగుతాయి, కానీ ఈలోగా దాని ఆయుధం పోయినట్టే. పిల్లలకు ఈ మాట ముందే చెప్పి తీసుకెళ్లండి.

8. ఫోటోలు

నాలుగు చాలు. పైనుంచి మొత్తం ఒళ్లు, తలా రైనోఫోర్‌లు, మొప్పలు లేదా సెరాటాలు, ఇక చుట్టుపక్కల స్పంజి లేదా నాచుతో కలిపి ఒకటి. నాలుగోదాన్ని అందరూ మర్చిపోతారు. పేరు తేల్చేటప్పుడు ఎక్కువ సాయం చేసేది అదే.

స్కేలును పక్కన పెట్టండి, ఒంటికి ఆనించొద్దు. ఫ్లాష్ ఆపి, టార్చి వెలుగు పక్క నుంచి పడేలా పట్టుకోండి. నీళ్లలోంచి బయటికి తీసి ఫోటో తీయడం వల్ల లాభమే లేదు. మొప్పలు కూలిపోయి, ఒళ్లు జిగురు ముద్దలా మారి గుర్తుపట్టలేరు.

9. పేరు తేల్చడం, తరచూ జరిగే పొరపాట్లు

రంగుతో మొదలుపెట్టడమే మొదటి పొరపాటు. ఒకే జాతిలో రంగులు మారతాయి, వేర్వేరు జాతులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ముందు ఆకారం, తర్వాత మొప్పలు, తర్వాత తిండి, ఆఖరున రంగు.

చదునుపురుగును స్లగ్ అనుకోవడం రెండోది. అదీ రంగురంగులుగానే ఉంటుంది. కానీ కాగితమంత పలచన, వీపు మీద మొప్పలుండవు, తల దగ్గర నిజమైన కొమ్ములకు బదులు అంచే మడత పడి ఉంటుంది. స్లగ్ కన్నా వేగంగా జారిపోతుంది.

ఐన్యాచురలిస్ట్ యాప్‌లో ఫోటో పెడితే యాప్ వెంటనే ఒక పేరు చూపిస్తుంది. దాన్ని కళ్లు మూసుకుని ఒప్పుకోవద్దు. కుటుంబం వరకే ఖాయమైతే అక్కడికే ఆపండి, తెలిసినవాళ్లు వచ్చి ముందుకు తీసుకెళ్తారు. ముంబై పేరు పెట్టుకున్న గోనియోబ్రాంకస్ బొంబాయానస్ లాంటి జాతులు మన దేశంలో ఉన్నా, విదేశీ ఫోటోలు ఎక్కువ కాబట్టి యాప్ వేరే పేర్ల వైపు లాగుతుంది. తేదీ, తీరం, ఆటు సమయం, ఏ తిండి మీద ఉంది అన్నవి తప్పక రాయండి.

10. చెయ్యి పెట్టకూడనివి

- నీలం, వెండి రంగుల్లో వేళ్లు చాచినట్టుండే బ్లూ డ్రాగన్, అంటే గ్లాకస్. ఇది నీటి మీద వెల్లకిలా తేలుతూ, జెల్లీఫిష్‌లా కనిపించి, విషపు తంతువులుండే పోర్చుగీస్ మ్యాన్ ఆఫ్ వార్‌ను తిని, ఆ కుట్టుకణాలను దాచుకుంటుంది. గాలికి ఒడ్డుకు కొట్టుకొస్తుంది. 2023 డిసెంబరులో తుపాను తర్వాత చెన్నై బెసెంట్ నగర్ బీచ్‌లో కనపడింది. చచ్చినట్టున్నా కుడుతుంది.
- కోను ఆకారంలో అందంగా ఉండే గుల్లలు. లోపలి నత్త బతికుంటే విషపు ముల్లు విసురుతుంది.
- సీ అర్చిన్ ముళ్లు, రాయిలా కదలకుండా ఉండే చేపలు.

ఏదైనా కుట్టి నొప్పి, వాపు పెరిగితే ఇంటి వైద్యం పెట్టుకోకుండా ఆసుపత్రికి వెళ్లండి.

11. "ఒకటి తెచ్చి అక్వేరియంలో పెట్టుకోవచ్చా?"

వద్దు. చాలా స్లగ్‌లు ఒకటో రెండో రకాల స్పంజి లేదా హైడ్రాయిడ్ తప్ప ఏమీ తినవు. కర్నూల్లో ఉప్పునీటి తొట్టి పెట్టగలిగినా ఆ స్పంజిని పెంచలేరు, అది మెల్లగా ఆకలితో చస్తుంది. ఫిలీడియా జాతులైతే భయపడినప్పుడు వదిలే విషంతో తొట్టిలోని చేపలను కూడా చంపగలవు. పైగా చాలా స్లగ్‌ల ఆయుష్షు ఏడాదికి అటూ ఇటే. షాపులో అమ్ముతున్నప్పటికే అది ముసలిదై ఉండొచ్చు.

క్లాసులో చూపించడానికి ఏదో ఒకటి కావాలనుకునే టీచర్లకు 2వ భాగంలోని సీసా నత్తే సరిపోతుంది. దాని పక్కన మీ నాలుగు ఫోటోలు పెట్టి, రెండిట్లో ఏ అవయవం ఎక్కడుందో పిల్లలనే వెతకమనండి. మీ నత్త పైలా (ఆపిల్ స్నెయిల్) రకమైతే దానిలో ఆడ, మగ వేరువేరు, స్లగ్‌లో రెండూ ఒకే ఒంట్లో. నత్త మొప్ప గుల్ల లోపల, డోరిడ్ మొప్ప వీపు మీద. గుల్ల పోయాక ఏమేం చోటు మారాయో ఆ పోలికలో వాళ్లకే తెలిసిపోతుంది.